ఆ అరగంట నాది

“సంతకం పెట్టు,” అన్నారు మా ఆయన. పొద్దుట్నించి ఇది మూడోసారి.

కాగితం ఎగిరిపోకుండా దాని మీద ఉప్పుడబ్బా పెట్టారు. కలం మూత కూడా ఆయనే తీసిపెట్టారు. మూత తీసిన కలం ఎండిపోతుందేమోనని నాకొక పక్క దిగులు. ఉద్యోగం ఊడేలా ఉంటే కలం గురించి దిగులేమిటని అనుకోకండి. నాకు అన్నిటి గురించీ దిగులే.

“అసలు చదివావా?” అంది వదిన.

వదిన ఆయనకి అక్క. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరై, రెండేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. ఆ కాగితం రాసింది ఆవిడే. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి.

“చదివాను వదినా.”

“ఏముంది అందులో? చెప్పు చూద్దాం.”

నేను చదివింది ఎనిమిదో తరగతి. వదిన అడిగితే ఇప్పటికీ చేతులు కట్టుకోబోతాను. “వీడియో గేమ్ వ్యసనానికి లోనై, పనిలో ఏమరుపాటు వహించి, కోటు జేబులో ఉన్న కత్తెర చూడకుండా వదిలేశానని ఉంది. ఇకమీదట ఆ పరికరం ముట్టనని హామీ ఇస్తున్నానని ఉంది.”

“మరింకేం? పెట్టు.”

నేను పెట్టలేదు. అలాగని పెట్టనని కూడా అనలేదు. గడియారం ఏడుంపావు చూపిస్తోంది. తొమ్మిదింటికి లాండ్రీ ఆఫీసులో ఉండాలి. సంతకం చేసిన కాగితంతో వస్తే క్షమించేస్తామని సూపర్వైజర్ నిన్న చెప్పాడు. లేకుండా వస్తే ఏం చేస్తారో చెప్పలేదు. చెబితే దానికో హద్దుంటుంది. చెప్పకపోతే నేను ఎంతదాకా అయినా ఊహించుకోగలను. నిన్న బస్సెక్కి దిగేలోపే నా ఉద్యోగం పోయింది, ఇల్లు ఖాళీ చేశాం, ఆయన మంచం పట్టారు, నేనెవరింట్లోనో గిన్నెలు తోముతున్నాను. దిగేటప్పుడు కండక్టర్, “ఏమ్మా, ఒంట్లో బాలేదా?” అనడిగాడు.

అమ్మాయి జడ అల్లుకుంటూ గదిలోంచి వచ్చింది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని దానిది. ఎనిమిదిన్నరకి వెళ్ళాలి.

“ఏమిటిది నాన్నా, కోర్టా?”

“నువ్వు మాట్లాడకు,” అంది వదిన. “ఆ డబ్బా ఇంటికి తెచ్చిందే నువ్వు.”

“డబ్బా కాదత్తా. కంప్యూటరు. చేతిలో పట్టేంత కంప్యూటరు.”

“కంప్యూటరైతే బల్ల మీద ఉంటుంది. అన్నం తింటూ చేత్తో పట్టుకునేది డబ్బాయే.”

“మీరు ఫోన్లో సీరియల్ చూస్తూ కూరలు తరుగుతారు. మరి దాన్నేమనాలి?”

“అది వేరు. సీరియల్లో నీతి ఉంటుంది.”

“నిన్నటి దాంట్లో తోడికోడలి పాలల్లో మత్తుమందు కలిపారు కదత్తా. అదే నీతి?”

ఆయన నవ్వబోయి, దగ్గి ఊరుకున్నారు.

“నవ్వకు తమ్ముడూ,” అంది వదిన. “నీ పెళ్ళాం యాభై ఏళ్ళ వయసులో లాండ్రీలో ఆడవాళ్ళని చుట్టూ కూర్చోబెట్టుకుని వీడియో గేమ్ ఆడిందట. ఆ లాండ్రీలో పనిచేసే వాళ్ళ పిల్ల నా దగ్గర చదువుకుంది. ఇక నేను బజారుకెళ్ళి ముఖమెలా చూపించను?”

“మామూలుగానే చూపించండి,” అంది అమ్మాయి. ఆపైన నాన్న వైపు తిరిగింది. “నాన్నా, అమ్మ ఆ తప్పు చెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళు! ఒక్క పిన్నీసైనా వదిలిందా? ఎవరో తర్వాత పడేసి ఉంటారు ఆ కత్తెర. చెయ్యని తప్పుకి సంతకమేంటి? చెప్పవే అమ్మా.”

ముగ్గురూ నా వైపు చూశారు.

నేను లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళాను. టీ పొంగలేదు. పొంగుతుందేమోనని వెళ్ళాను.

పెద్దాసుపత్రి లాండ్రీలో జేబులు చూసే బల్ల నాది. మాసిన కోట్లు, పైజామాలు, గౌన్లు అన్నీ ముందు నా దగ్గరికి వస్తాయి. జేబులు చూసి సంచిలో వేసి మూతి కడతాను. ఆ తర్వాతే అవి మెషీన్లోకి వెళ్తాయి. నా బల్ల మీద ఏమేం దొరికాయో చెబితే నమ్మరు. ఉంగరాలు, సూదులు, సగం తిన్న బిస్కెట్, ఓసారి పళ్ళసెట్టు. ఏది దొరికినా నాకు భయమేసేది. ఇది మెషీన్లోకి వెళ్ళి ఉంటే, ఎవరికైనా గుచ్చుకుని ఉంటే అని. భయపడేవాళ్ళకి తగిన ఉద్యోగమిదే అనేవారు ఆయన.

మొన్న సోమవారం ఒక కత్తెర వెళ్ళిపోయింది. మెషీన్లోంచి తడి గుడ్డలు లాగే పొడుగమ్మ అరచేతిలో దిగింది. ఆమెని అందరం పొడుగమ్మనే పిలుస్తాం. గుమ్మం దాటాలంటే తల వంచాలి ఆమె. నాలుగు కుట్లు పడ్డాయి.

అదే రోజు మధ్యాహ్నం భోజనాల అరగంటలో సూపర్వైజర్ ఎన్నడూ రానివాడు మా గదికి వచ్చాడు. నా చేతిలో పలక చూశాడు. అంతే, కారణం దొరికిపోయింది.

దాన్ని మేం పలక అంటాం. పలకంతే ఉంటుంది మరి. రెండు వైపులా బొటనవేళ్ళు పెట్టుకోడానికి చిన్న గుబ్బలు, మధ్యలో తెర.

అమ్మాయి గదిలో పెద్ద కంప్యూటరుంది. దాంట్లో ఆటలున్నాయని తెలుసు. పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు నేను. అన్ని మీటల్లో ఏది నొక్కితే ఏం చెరిగిపోతుందో! దుమ్ము తుడిచేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టి తుడిచేదాన్ని. పోయినేడు అమ్మాయి ఈ పలక తెచ్చింది. అదే ఆట, ఆ పెద్ద కంప్యూటర్లో ఆడేదే, ఇందులోనూ వస్తుందంది. నేను వరండాలో చెప్పులు కుట్టించుకోవాలని సంచిలో పెడుతుంటే తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“పేలుతుందేమోనే,” అన్నాను.

“పేలదు.”

“కళ్ళు పోతాయేమో.”

“అద్దాలు నేనే చేసిపెడతాను. పట్టుకో అమ్మా ముందు.”

అక్షరాలు పెద్దవి చేసింది. నా వేళ్ళకి అందే మీటలే ఉంచి, మిగతావాటికి పని లేకుండా చేసింది. పడవ ఆట అది. చిన్న పడవలో దీవి దీవికీ ఉత్తరాలు చేరవెయ్యాలి. నాకు అన్నిటికన్నా నచ్చిందేమిటంటే, పైనున్న మీట నొక్కితే ఆట అక్కడికక్కడే నిద్రపోతుంది. మళ్ళీ నొక్కితే ఆపిన చోటే లేస్తుంది. కెరటం పైకి లేచి ఉంటే లేచే ఉంటుంది. నా బతుకులో నేనొదిలిన చోట ఉన్న వస్తువు ఒక్కటైనా ఉందా? దువ్వెన దగ్గర్నించి ఏదైనా వెతుక్కోవాల్సిందే.

మొదటి తుఫానులో నా పడవ మునిగిపోయింది. నిజంగానే ఏడ్చాను. ఉత్తరాలన్నీ పోయాయి, ఆ దీవిలో వాళ్ళు ఎదురుచూస్తుంటారు అని. మర్నిమిషం పడవ మళ్ళీ రేవులో ఉంది. తెల్లజెండా ఎగురుతోంది. నేను దాన్ని అలా చాలాసేపు చూశాను. జరగాల్సిన ఘోరమంతా జరిగిపోయాక కూడా ఒక రేవుంటుందని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

లాండ్రీలో మాకు భోజనానికి అరగంట. పది నిమిషాల్లో తినేస్తాం. మిగతా ఇరవై నిమిషాలు ఒకరి రోగాలొకరికి చెప్పుకునేవాళ్ళం. పలక వచ్చాక అయిదుగురం వంతులేసుకున్నాం. మాలో ఒక్కరూ ఎప్పుడూ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు కారు. పొడుగమ్మ తుఫానులోకి కావాలనే పోనిచ్చేది. “పోనీ అక్కా, మునిగితే మునుగుతాం,” అని పెద్దగా అరిచేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని. వేళ్ళ సందుల్లోంచి చూసేదాన్ని.

ఇప్పుడు ఆ పలక సూపర్వైజర్ సొరుగులో ఉంది. తాళమేసి.

ఆయన నా వెనకాలే వంటగదిలోకొచ్చారు. బస్సు డిపోలో టైం కీపర్ ఆయన. ఎవరితో ఏ మాట ఎప్పుడనాలో ఆయనకి తెలిసినంత నాకు తెలీదు.

“ఏమే,” అన్నారు మెల్లగా. “ఒక్క సంతకం. అయిపోతుంది. పై వాళ్ళకి కావాల్సింది కారణం. ఆ ముక్క వాళ్ళ చేతిలో పెట్టేస్తే ఫైలు మూసేస్తారు. అంతమాత్రానికి ఎందుకింత పట్టుదల?”

“కత్తెర వదిలింది నేనేనండీ.”

ఆయన గరిట పట్టుకుని ఉన్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకే తెలియదు.

“అంటే?”

“కొత్త కోట్లు వచ్చాయి కదా, పదిహేను రోజులైంది. వాటికి లోపల ఎడమవైపు ఇంకో జేబుంది. నేను చూడలేదు. పైజేబు, కుడి, ఎడమ. పద్దెనిమిదేళ్ళ నుంచీ నా చెయ్యి ఆ మూడు చోట్లకే వెళ్ళొస్తుంది. కన్ను పెట్టనక్కర్లేకుండా వెళ్ళొస్తుంది. ఆ రోజూ అలాగే వెళ్ళొచ్చింది. సంచి మూతి కట్టేశాను. నిన్న గుట్టలోంచి ఒక కోటు తీసి తిప్పి చూస్తే తెలిసింది.”

అమ్మాయి, వదిన అవతల గదిలో ఏదో అనుకుంటున్నారు.

“మరి ఇంకేం,” అన్నారాయన. “తప్పు నీదే అన్నప్పుడు సంతకం పెట్టడానికేం?”

“అది పొద్దున ఎనిమిదింటికి జరిగిందండీ. పలక నా సంచిలో ఉంది. సంచి మేకుకి వేలాడుతోంది. ఆట వల్ల చేశానని రాస్తే అబద్ధం.”

“ఆ అబద్ధమే నిన్ను నిలబెడుతుంది. కాస్త ఆలోచించు. శ్రద్ధగా చూస్తూ కూడా వదిలేశానంటే ఏమంటారు? వయసైపోయింది, చేతకాదు, మానెయ్యమంటారు. ఆటలో పడి వదిలేశాను, బుద్ధొచ్చింది అన్నావనుకో, పోనీలే పాపం అంటారు. రెండోదానికి క్షమ ఉంది. మొదటిదానికి లేదు.”

ఆయన చెప్పింది నిజమే. అందుకే ఒళ్ళు మండింది.

“మరి ఆ లోపలి జేబు?”

“జేబు సంగతి వదిలెయ్!”

“వదిలేశాను కాబట్టే కదండీ పొడుగమ్మ చెయ్యి తెగింది. ఆట మీదకి తోసేస్తే ఆట తీసేసి ఊరుకుంటారు. జేబు అలాగే ఉంటుంది. రేపు నా బల్ల దగ్గర ఇంకొకామె నిలబడుతుంది. ఆమెకీ మూడు జేబులే అలవాటు. ఈసారి సూది వస్తే? ఏ రోగం ఉన్న సూదో వస్తే?”

“అన్నీ నువ్వే ఊహిస్తావ్.”

“ఈసారి ఊహ కాదు కదా. కుట్లు పడ్డాయి.”

ఆయన గరిట కింద పెట్టేశారు. “ఇరవై ఏడేళ్ళ నుంచి నీ భయాలన్నీ నేను మోశాను. వర్షమొస్తే భయం, ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. ఇవాళ మొదటిసారి నాకు భయమేస్తోంది. నువ్వు చూస్తే గుంజలా నిలబడ్డావు. నీకెందుకు భయం లేదు?”

“లేదని ఎవరన్నారు? నా కాళ్ళు చూడండి.”

చూశారు. చీర అంచు వణుకుతోంది.

“భయపడుతూనే చెబుతున్నాను,” అన్నాను. “పెట్టను.”

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పట్నించి వింటోందో. “బాగుంది. తప్పూ చేసింది, పొగరూ చూపిస్తోంది. ఈ వయసులో ఆటలేమిటని నేనడుగుతుంటే దానికి సమాధానం లేదు.”

నాకు మామూలుగా వదినకి ఎదురు చెప్పే మాటలు ఆవిడ గదిలోంచి వెళ్ళిపోయిన గంటకి తడతాయి. ఆ పొద్దున అప్పుడే వచ్చేశాయి.

“మీరు ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఆటల పీరియడ్ ఇచ్చారు కదా వదినా. నన్ను మావాళ్ళు ఎనిమిదిలో బడి మానిపించారు. ఆ తర్వాత నాకు ఒక్క ఆటల పీరియడ్ రాలేదు. పెళ్ళిలో రాలేదు, పిల్ల పుట్టాక రాలేదు, లాండ్రీలో రాలేదు. ఇప్పుడొచ్చింది. అరగంట. అందులో పది నిమిషాలు తిండికే పోతాయి.”

వదిన గుమ్మంలోంచి పక్కకి జరిగి నాకు దారిచ్చింది. కోపంతో కాదనుకుంటాను. కోపమైతే అనేసేది.

కాగితం ఉప్పుడబ్బా కిందే వదిలేసి, కలానికి మూత పెట్టి నేను బయల్దేరాను.

అమ్మాయి బస్సు దాకా వచ్చింది. సందు చివర ఆగింది.

“నువ్వేనా అమ్మా నిజంగా?”

“నేనే.”

“అయితే ఇంతసేపూ నేనెవరి కోసం అరిచాను?”

“నా కోసమే. ఇంకొంచెం అరిస్తే బస్సు కూడా ఆగుతుంది.”

అది నవ్వలేదు. “నాతో కూడా చెప్పలేదు నువ్వు.”

“నీ పలక వల్లే అమ్మకిలా అయిందని నువ్వు ఒక్క క్షణమైనా అనుకుంటావేమోనని భయపడ్డాను.”

“అనుకున్నాను,” అంది. “రెండు రోజుల నుంచి అదే అనుకుంటున్నాను.” కళ్ళు తుడుచుకుంది. “నా పలక తీసుకురా. లేకపోతే నేనొచ్చి ఆ సొరుగు పీకుతాను.”

“నువ్వు రాకు తల్లీ. నిన్ను పోలీసులు పట్టుకెళ్తారు.”

“చూశావా, మొదలెట్టావు.”

బస్సొచ్చింది.

లాండ్రీకి చేరేసరికి ఎనిమిదిన్నర. నా బల్ల దగ్గర ఎవరూ లేరు. మాసిన కోట్లు ముట్టుకోకుండా, ఉతికి మడతపెట్టిన వాటిల్లోంచి కొత్త కోటు ఒకటి తీసుకున్నాను. టీ గదిలోంచి ఒక చెంచా తీసుకున్నాను. ఎవరైనా చూసి చెంచా దొంగతనం కూడా నా మీద వేస్తారేమోనని అటూ ఇటూ చూశాను.

ఆఫీసులో సూపర్వైజర్ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. నాకన్నా చిన్నవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ మూడు కలాలు. పక్కన కుర్చీలో పొడుగమ్మ. కుడి చేతికి కట్టు. నన్ను చూసి తల వంచుకుంది. గుమ్మం లేని చోట ఆమె తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకా నా మీద కోపంగా ఉందనుకున్నాను. ఉండాలి కూడా.

“కాగితం తెచ్చారా అమ్మా?” అన్నాడు సూపర్వైజర్.

“తేలేదు సార్. కోటు తెచ్చాను.”

“కోటెందుకు?”

“జేబులు చూడండి సార్, ఒక్కసారి.”

“నాకిప్పుడు అంత తీరిక లేదు.”

“నేను రోజుకి మూడొందలు చూస్తాను సార్. మీరు ఒకటి చూడండి.”

గొంతు పెద్దదైంది. అది నా గొంతేనా అనిపించింది. అతను విసుగ్గా కోటు లాక్కుని పైజేబులో రెండు వేళ్ళు పెట్టాడు. కుడి జేబు. ఎడమ జేబు. “ఏం లేదు.”

“నేనూ అలాగే అన్నాను సార్, సోమవారం.”

కోటు తిప్పాను. లోపల ఎడమవైపు జేబులోంచి చెంచా తీసి బల్ల మీద పెట్టాను. ఠంగుమంది. పొడుగమ్మ తలెత్తింది.

“తప్పు నాదే,” అన్నాను. “ఈ జేబుందని నేను కనుక్కోలేదు. కోట్లు మారినప్పుడు తిప్పి చూడాలి, చూడలేదు. ఆమె చెయ్యి తెగింది నా వల్ల. దానికి ఏం శిక్ష వేస్తారో వెయ్యండి. ఆట వల్ల మాత్రం కాదు. ఆట నేను భోజనాల అరగంటలో ఆడాను. ఆ అరగంట నాది. అందులో నేను నిద్రపోవచ్చు, ఏడవచ్చు, పడవ నడపొచ్చు.”

సూపర్వైజర్ కోటు లోపలి జేబుని వేలితో తడిమాడు. కొత్త కోట్లొచ్చినప్పుడు కుట్టు మారిందని అతనికి చీటీ వచ్చే ఉంటుంది. అతని చూపు ఒక్కసారి పక్కనున్న కాగితాల గుట్ట మీదకి పోయి వచ్చింది. నేనది చూశాను. చూశానని అతనికీ తెలిసింది.

“అయితే మీ చేత్తో రాసివ్వండి,” అని తెల్లకాగితం తోశాడు. “తప్పు మీదేనని.”

కూర్చున్నాను. నా చేతిరాత బాగుండదు. వరస పైకి ఎక్కుతుంది. అయినా రాశాను. లోపలి జేబు సంగతి రాశాను. ఎనిమిది గంటలని రాశాను. పలక మేకుకి వేలాడే సంచిలో ఉందని రాశాను. రేపట్నించి ప్రతి కోటూ తిప్పి చూడాలని, నేనున్నా లేకపోయినా చూడాలని రాశాను. భోజనాల అరగంటలో రేపు కూడా ఆడతానని రాశాను. కొట్టెయ్యాలనిపించింది. కొట్టెయ్యలేదు.

“ఒక్క నిమిషం,” అన్నాడు సూపర్వైజర్. ఫైలు తెరిచాడు. “సంతకం పెట్టేముందు ఇది వినండి. ‘సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, ఆమె ఒక చేత్తో గేమ్ ఆడుతూ ఇంకో చేత్తో జేబులు చూడటం నేను కళ్ళారా చూశాను.’ ”

కాగితం నా వైపు తిప్పాడు. కింద ఎడమచేత్తో పెట్టిన వంకర సంతకం. పొడుగమ్మది.

“నువ్వా?” అన్నాను.

“నీ ఉద్యోగం నిలబడుతుందన్నారక్కా,” అంది పొడుగమ్మ. “ఆట మీద పెడితే నిన్ను వదిలేస్తారన్నారు. నీకు మంచే జరుగుతుందన్నారు.”

“ఎవరన్నారు?”

ఆమె కట్టుకట్టిన చెయ్యి వైపు చూసుకుంది.

“ఎవరన్నారు, చెప్పు.”

“మీ ఆయన. నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చారు. పళ్ళు తెచ్చారు. ఏడ్చినంత పని చేశారక్కా. నేను కాదనలేకపోయాను.”

నిన్న సాయంత్రం చేతిగడియారానికి పట్టీ మార్పించుకొస్తానని వెళ్ళారు ఆయన. పాత పట్టీతోనే తిరిగొచ్చారు. షాపు మూసేశారన్నారు. అయ్యో అన్నాను కూడా.

సూపర్వైజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇందాకటి కంగారు పోయింది ముఖంలో. “చూడండమ్మా. మీది తీసుకుంటే ఈమెది దొంగసాక్ష్యం. ఈమెని ఇవాళే పంపించెయ్యాలి. ఈమెది తీసుకుంటే మీది చింపెయ్యాలి. చింపితే ఇద్దరూ ఉంటారు. మీరే ఆలోచించుకోండి.”

నేను ఊహించని ఘోరం ఇదొక్కటే. పద్దెనిమిదేళ్ళలో అన్నీ ఊహించాను. నా నిజం కింద ఇంకొకరి అన్నం ఉంటుందని ఊహించలేదు. కుట్లున్న చేత్తో ఆమెకి ఇంకెక్కడ పని దొరుకుతుంది?

“సంతకం పెట్టెయ్ అక్కా,” అంది పొడుగమ్మ ఉన్నట్టుండి. నిలబడింది. సీలింగ్ ఫ్యాన్ దాకా లేచినట్టనిపించింది. “నా చెయ్యి కోసింది ఆట కాదు, నాకు తెలుసు. సార్, నా కాగితం నాకిచ్చెయ్యండి.”

“ఇవ్వడానికి లేదు. ఫైల్లో పెట్టేశాను.”

“ఫైల్లోంచి తియ్యండి.”

“తియ్యడానికి లేదంటున్నాను కదా.” అరచేత్తో ఫైలు అదిమి పట్టుకున్నాడు.

పొడుగమ్మ ఎడమచెయ్యి ఆ ఫైలు అంచు మీద పడింది. ఇద్దరూ వదల్లేదు.

నేను తెల్లకాగితం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను. ఇరవై ఏడేళ్ళలో బయటివాళ్ళ దగ్గర మా ఆయన గురించి ఒక్క మాట తక్కువ చేసి అనలేదు నేను. మా అమ్మ దగ్గర కూడా అనలేదు. చివరి వరస కింద చోటుంది. అక్కడ రాశాను: ‘ఈమె రాసిచ్చిన మాట ఈమెది కాదు. నా భర్త ఈమె ఇంటికి వెళ్ళి రాయించినది. ఈమెని ఏమీ అనకూడదు. కావలిస్తే ఆయన్ని పిలిచి అడగండి.’ ఆయన పేరు పూర్తిగా రాశాను. ఇంటిపేరుతో సహా. దాని కింద నా సంతకం పెట్టాను.

సూపర్వైజర్ ఒంటిచేత్తోనే కాగితం తిప్పుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

“మీరే పిలవమంటున్నారు. తర్వాత నన్ననకండి.” ఫోన్ తీసి నొక్కాడు. అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

ఒక్కసారి మోగగానే మా ఆయన ఎత్తారు. ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టున్నారు. వెనకాల డిపోలో బస్సుల చప్పుడు.

“సార్, నమస్కారమండీ. సంతకం పెట్టిందా?”

సూపర్వైజర్ నా వైపు చూశాడు. ఫోన్ నా ముందుకి జరిపాడు.

“పెట్టానండీ,” అన్నాను. “మీ పేరు కూడా రాశాను. బయల్దేరి రండి.”

అవతల ఒక బస్సు వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు.